పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉండిపోయిన మన పుస్తకాలు

సంపాదకులకు నమస్కారం.

1997 నుంచి పద్నాలుగేళ్లు తెనాలిలో డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కూర్చే పని చేశాను. శుభలేఖలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు, పద్యాల పుస్తకాలు అన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లోనే, 'అను' అనే తెలుగు ఫాంట్లతోనే.

మొన్న సంక్రాంతికి మా వీధి అమ్మాయి ఒక సీడీ పట్టుకొచ్చింది. "అక్కా, తాతయ్య శతకం ఇందులో ఉందట. పుస్తకం ఒక్క కాపీ కూడా మిగల్లేదు. ఇది ఓపెన్ కావట్లేదు" అంది. ఫైలు పేరు చివర పి65 అని ఉంది. అంటే పేజ్‌మేకర్ 6.5లో చేసింది. 2001లో 7వ వెర్షన్ వచ్చాక పేజ్‌మేకర్ ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 అనే వెర్షన్ వరకే ఈ ఫైళ్లను తెరిచేది.

ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. పేజీలైతే వచ్చాయి, తెలుగు రాలేదు. పద్యం ఉండాల్సిన చోట డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న విదేశీ అక్షరాలు. నా పాత హార్డ్‌డిస్క్ వెతికి అను ఫాంట్ వేశాక మొదటి పద్యం కనిపించింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

అయినా పని సగమే అయింది. ఆ పద్యాన్ని ఫోన్‌లోకి పంపితే మళ్లీ డాలర్ గుర్తులే. ఎందుకంటే ఆ ఫైల్లో నిజానికి తెలుగు అక్షరాలు లేవు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్కగా తెలుగు బొమ్మలు పెట్టారు. ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉండే యూనికోడ్ పద్ధతిలో 'క్ర' అంటే క, పొల్లు, ర అని ఏ కంప్యూటర్‌కైనా తెలుసు. పాత పద్ధతిలో ఫాంట్ పోతే అక్షరం పోయినట్టే.

పాత ఫాంట్ల రాతను మార్చే కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చాను. అక్కడా వత్తులు కొన్ని జారిపోయాయి. అదృష్టం కొద్దీ అన్నీ ఉత్పలమాలలు, చంపకమాలలు. రెండో అక్షరం నాలుగు పాదాల్లోనూ కలవాలి కదా. మూడు పాదాల్లో 'త్త' ఉండి నాలుగో పాదంలో ఒట్టి 'త' కనబడితే అక్కడ తప్పు పడిందని తెలిసిపోయేది. పాదం మధ్యలో పడిన తప్పులకు గణాలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. నూట ఎనిమిది పద్యాలకు పదకొండు రాత్రులు పట్టింది. నాలుగు పద్యాల్లో ఇంకా అనుమానం తీరలేదు. శతకం రాసిన ఆ తాతయ్య మాస్టారి శిష్యుడొకరికి చూపించాలి.

ఇలాంటి సీడీలు ఎన్ని ఇళ్ల బీరువాల్లో ఉన్నాయో తలచుకుంటే టెన్షన్‌గా ఉంటుంది. పుస్తకం వేయించుకునే వారికి నా మనవి: పీడీఎఫ్ ఒక్కటే తీసుకుని ఊరుకోకండి. అను ఫాంట్‌తో చేసిన పీడీఎఫ్ చూడటానికి బాగానే ఉంటుంది గానీ అందులో ఒక మాట వెతికితే దొరకదు. యూనికోడ్‌లో మార్చి, ప్రూఫు చూసిన ఫైలు కూడా అడిగి తీసుకోండి. డీటీపీ సోదరులారా, పాత సిస్టం తుక్కుకు వేసే ముందు అందులోని ఫాంట్లు, ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఒక్కో కంప్యూటర్‌లో పాత పేజ్‌మేకర్, ఆనాటి ఫాంట్లు ఉంచి, ఎవరు సీడీ తెచ్చినా తెరిచి చూపే ఏర్పాటు చేయాలి. ఆ పని తెలిసిన మా తరం ఆపరేటర్లు ఇంకా ఊరూరా ఉన్నారు. పిలిస్తే తెనాలిలో నేను వారానికి రెండు రోజులు వచ్చి కూర్చుంటాను.

- ఒక మాజీ డీటీపీ ఆపరేటర్, తెనాలి