మా నాన్నగారి పూర్వీ స్టార్ పతకం సంగతి: రికార్డ్స్ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మా నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దు దాటి వెళ్లిన సిపాయి. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయే వేళకి ఆయన ఇంకా దారిలోనే, కూలిన వంతెన దగ్గర ఉన్నారట. "నేను చూడలేదురా, రేడియోలో విన్నా" అని నవ్వుతారు.

ఆ యుద్ధంలో పనిచేసినవారికి సంగ్రామ్ మెడల్, తూర్పు రంగంలో పనిచేసినవారికి పూర్వీ స్టార్ ఇచ్చారు. మా నాన్నగారి డిశ్చార్జ్ పుస్తకంలో (సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం) రెండూ లేవు.

కారణం మా ఇంటిపేరు! మనం ఇంటిపేరు ముందు రాస్తాం కదా. భర్తీ రోజు గుమాస్తా దాన్నే అసలు పేరుగా ఎక్కించాడు. తర్వాత ఎవరో దిద్దారు, అదీ ఒక్క కాగితంలోనే. దాంతో యూనిట్ జాబితాలో ఒక మనిషి, సర్వీస్ రికార్డులో ఇంకో మనిషి అయ్యారు. సర్వీస్ నంబరు మాత్రం రెండు చోట్లా ఒకటే.

మూడుసార్లు అర్జీ పెట్టాం. అఫిడవిట్, స్కూలు సర్టిఫికెట్, పెన్షన్ కాగితం అన్నీ జతచేశాం. వచ్చిన జవాబు ప్రతిసారీ "పేరు సరిపోలడం లేదు". సరిపోలడం లేదనే కదండీ మేం రాసింది!

దయచేసి పేరు పక్కనపెట్టి నంబరుతో వెతికించండి. ఆనాటి పార్ట్ టూ ఆర్డర్లు (సిపాయిల పోస్టింగులు, సెలవుల వంటివి యూనిట్ నమోదు చేసే కాగితాలు) తీయిస్తే ఆయన ఎక్కడున్నారో తెలుస్తుంది. ముందు రికార్డు దిద్దండి, ఆ తర్వాతే మెడల్. ఎందుకంటే మెడల్ మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కుతారు. అక్కడ కూడా తప్పు పడితే ఇక దిద్దడానికి ఉండదు.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడి కూతురు