కుందేలు జలుబుకు పిల్లల సిరప్ పట్టకండి

సంపాదకులకు నమస్కారం.

నేను తెనాలిలో మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. మా ఇంట్లో రెండు కుందేళ్లున్నాయి. ఈ మధ్య షాపుకు వచ్చి "అక్కా, కుందేలుకు జలుబు చేసింది, ఏదైనా మందివ్వు" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కొందరైతే అడగను కూడా అడగరు. పిల్లల కోసం కొన్న యాంటీబయాటిక్ సిరప్ ఫ్రిజ్‌లో సగం మిగిలి ఉంటే దాన్నే పోసేస్తున్నారు. మా వీధిలోనే ఒక ఇంట్లో తుమ్ములు పట్టిన కుందేలుకు పాప తాగగా మిగిలిన అమోక్సిసిలిన్ సిరప్ సిరంజితో పట్టారు. తుమ్ములు తగ్గలేదు సరికదా, కుందేలు మేత మానేసింది. ఆ తర్వాత నీళ్ల విరేచనాలు మొదలై వారం తిరక్కుండానే చనిపోయింది. జలుబు ముదిరి పోయిందని పాపకు సర్దిచెప్పారు. నా అనుమానం మాత్రం ఆ సిరప్ మీదే. ఆ ఇంటివాళ్లు చేసింది ప్రేమతోనే. ఇది ప్రమాదమని వాళ్లకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

కుందేలు తిన్న గడ్డిని అరిగించడంలో పెద్ద పని దాని అంధనాళంలో (పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో) ఉండే మేలు చేసే బ్యాక్టీరియాది. అమోక్సిసిలిన్, యాంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్, సెఫాలెక్సిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే ఆ మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఖాళీ అయిన చోట క్లాస్ట్రీడియం జాతి బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. కుందేలుకు వాంతి చేసుకునే శక్తి కూడా లేదు, లోపలికి పోయింది బయటికి రాదు. మన పిల్లలకు డాక్టర్లు నిత్యం రాసే మందే కుందేలు ప్రాణం తీయగలదంటే షాపుకొచ్చినవాళ్లు నమ్మరు. పైగా పశువైద్యులు కొన్ని కేసుల్లో అమోక్సిసిలిన్ కుటుంబానికే చెందిన పెన్సిలిన్‌నే కుందేలుకు చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తారు. అలా ఇస్తే పేగుల మీద ఆ స్థాయి దెబ్బ ఉండదు. నోట్లో పోస్తేనే ముప్పు. "డాక్టరుగారు కూడా పెన్సిలినే ఇచ్చారుగా" అని ఇంట్లో సొంత వైద్యానికి దిగేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

అసలు మనం జలుబు అని కొట్టిపారేసేది చాలాసార్లు పాశ్చురెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియా తెచ్చే జబ్బు. డాక్టర్లు స్నఫుల్స్ అంటారు. మన పాడి రైతులకు వానాకాలం ముందు గేదెలకు వేయించే గొంతువాపు టీకా తెలుసు కదా, ఆ గొంతువాపు తెచ్చేదీ ఈ జాతి బ్యాక్టీరియాయే, రకం వేరు. బోర్డెటెల్లా, స్టెఫైలోకాకస్ వంటివి కూడా ముక్కులో చేరతాయి. చాలా కుందేళ్లు ఏ లక్షణమూ లేకుండానే ఈ బ్యాక్టీరియాను మోస్తుంటాయి. దూరప్రయాణం, ఎండ దెబ్బ, శుభ్రం లేని బోను, కొత్త కుందేలును తెచ్చి పక్కన వదలడం, ఇలా ఏదో ఒక ఒత్తిడి తగలగానే జబ్బు బయటపడుతుంది.

తుమ్ములు, ముక్కు నుంచి తెల్లగానో పచ్చగానో కారడం అందరికీ కనిపిస్తాయి. చాలామంది చూడనిది ముందు కాళ్ల లోపలి వైపు. ముక్కును ఆ కాళ్లతోనే తుడుచుకుంటుంది కాబట్టి అక్కడి బొచ్చు తడిసి అట్టలు కడుతుంది. కళ్ల వెంట నీరు కారుతుంటే పై పళ్ల వేర్లు పెరిగి కన్నీటి నాళాన్ని నొక్కుతున్నాయేమో కూడా డాక్టరు చూడాలి, అప్పుడు ఒక్క యాంటీబయాటిక్‌తో పని జరగదు. తల ఒక పక్కకు వాలిపోయిందంటే చెవి లోపలికి ఇన్ఫెక్షన్ పాకి ఉండొచ్చు. కుందేలు ముక్కుతోనే గాలి పీలుస్తుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే ఆ పూటే, ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మా బూడిద రంగు కుందేలుకు ఈ జబ్బు వచ్చినప్పుడు పశువైద్యురాలు ముక్కు లోపలి నుంచి స్వాబ్ తీసి ల్యాబ్‌కు పంపి, ఏ మందుకు లొంగుతుందో చూసుకుని ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. ట్రైమెథోప్రిమ్-సల్ఫా కూడా కుందేళ్లకు వాడతారు. బరువు చూసి లెక్కగట్టి ఇచ్చే మందులివి, అందుకే వంటింటి కాటా మీద కూర్చోబెట్టి గ్రాముల్లో తూచి చెప్పాను. ఇక్కడ ఒక హెచ్చరిక. పశువుల మందుల షాపుల్లో కోళ్లకు నీళ్లలో కలిపే ఎన్రోఫ్లాక్సాసిన్ దొరుకుతుంది. పది శాతం సీసా అయితే ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కేజీన్నర కుందేలుకు దాన్ని కళ్లతో అంచనా వేసి పోయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

చికిత్స రెండు వారాలకు తక్కువ ఉండదు, తరచూ అంతకంటే ఎక్కువే సాగుతుంది. తుమ్ములు తగ్గాయని మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. కొన్ని కుందేళ్లలో అది ఎప్పటికీ పూర్తిగా పోదు, అదుపులో ఉంచుకోవడమే. నెబ్యులైజర్‌లో సెలైన్ పెట్టి, బోను మీద పల్చటి గుడ్డ కప్పి ఆవిరి పట్టిస్తే మా దానికి ముక్కు తేలికపడేది. స్టెరాయిడ్ కలిసిన చుక్కలు, మాత్రలు మాత్రం సొంతంగా వేయకండి, రోగనిరోధక శక్తి పడిపోయి ఇన్ఫెక్షన్ ఎగదన్నుతుంది.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టింది మేత. ముక్కు మూసుకుపోతే వాసన తెలియదు, వాసన తెలియకపోతే తినదు. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు ఆగిపోయినా పేగుల కదలిక ఆగిపోతున్నట్టే, అది ముక్కు జబ్బు కంటే వేగంగా చంపుతుంది. డాక్టరు చెప్పినట్టు నానబెట్టిన మేత గుజ్జును సిరంజితో ముందు పళ్ల పక్క నుంచి కొద్దికొద్దిగా పెట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంట్లో మార్చుకోవాల్సినవీ ఉన్నాయి. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు ముక్కు పొరను దెబ్బతీస్తుంది, బోనులో పరిచిన కాగితాలు రోజూ మార్చాలి. కుందేలున్న గదిలో సాంబ్రాణి పొగ, దోమల కాయిల్ వద్దు. జలుబుకని విక్స్ అసలు రాయొద్దు. మన కోస్తా వేసవిలో ముక్కు మూసుకుపోయిన కుందేలు పడే బాధ చూడలేం. దానికి చెమట పట్టదు, ఒంట్లో వేడి దించుకునే దారులే తక్కువ. నీడ, గాలి, గుడ్డ చుట్టిన ఐస్ బాటిల్ పక్కన ఉండాలి. కొత్తగా తెచ్చినదాన్ని కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి.

నా తోటి ఫార్మసిస్టులకు ఒక మాట. యాంటీబయాటిక్‌లు షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. పిల్లల సిరప్ కావాలని చీటీ లేకుండా వచ్చినవారిని ఎవరి కోసమని అడగండి. కుందేలు అన్నమాట వినపడితే ఆ సీసా వెనక్కి పెట్టి పశువైద్యుడి దగ్గరికి పంపండి. పెట్ షాపులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్టర్ కావాలని 2018 నిబంధనలు ఉన్నాయి. రోడ్డు పక్కన బుట్టల్లో పెట్టి అమ్మేవాళ్లకు అవేవీ పట్టవు. పశుసంవర్ధక శాఖ ఒక చిన్న కరపత్రం వేసి అమ్మేచోటే పంచితే బాగుంటుంది, అందులో మొదటి వాక్యం అమోక్సిసిలిన్ గురించే ఉండాలి.

మీ పత్రిక వ్యవసాయ పేజీలో ఆవులు, గేదెలు, కోళ్ల జబ్బులకు పశువైద్యులు జవాబులిస్తున్నారు. ఒక వారం ఆ చోటు కుందేళ్లకు ఇవ్వండి. ఎండలు ముదరకముందే వస్తే ఎక్కువమందికి పనికొస్తుంది.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, తెనాలి