తిప్పిన రాయిని ఉన్నచోటే పెట్టడం గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఆరవ తరగతి పిల్లల జేబుల్లో తడి దూది పెట్టిన అగ్గిపెట్టెలు దొరుకుతున్నాయనీ, ఇంటి చుట్టూ ఉన్న రాళ్లలో ఒక్కటీ కుదురుగా ఉండడం లేదనీ మీలో కొందరు చెప్పారు. దీనికంతటికీ మూలం, చిన్న ప్రాణులు నీటిని ఎలా వెతుక్కుంటాయో, ఎలా కాపాడుకుంటాయో చూడడానికి మా విజ్ఞానశాస్త్ర తరగతిలో జరుగుతున్న ఒక పరిశీలన కనుక, దాని గురించి వివరించవలసిన బాధ్యత నాది.

నేల మీద బతికే చిన్న ప్రాణులకు ఆకలి కన్నా ముందు వచ్చే ఆపద ఎండిపోవడం. ఒక ఘనం భుజాన్ని పదో వంతుకు తగ్గిస్తే, దాని ఘనపరిమాణంతో పోల్చినప్పుడు ఉపరితల వైశాల్యం 10 రెట్లు పెరుగుతుంది. అంటే శరీరం ఎంత చిన్నదైతే, లోపల ఉన్న కొద్దిపాటి నీరు ఆవిరైపోయే దారి అంత విశాలమవుతుంది. గణితం ఉపాధ్యాయుడు ఈ లెక్కను సబ్బు ముక్కలు కోసి చూపించారు. పిల్లలకు అది బాగా గుర్తుండిపోయింది.

రాళ్ల కిందా, కుళ్లిన చెక్కల కిందా కనిపించే బూడిద రంగు, ఏడు జతల కాళ్ల ప్రాణులను పిల్లలు ఎంచుకున్నారు. వీటిని ఐసోపాడ్‌లు అంటారు. నేనూ ఇంతకాలం వీటిని కీటకాలనే అనుకున్నాను. ఇవి రొయ్యలు, పీతల వంశానికి చెందినవని ఒక విద్యార్థిని నన్ను సరిదిద్దింది. నీటిని వదిలి నేల మీదికి వచ్చినా వీటికి కీటకాలకు ఉన్నంత గట్టి మైనపు పూత ఏర్పడలేదు కనుక పొడిగాలిలో ఎక్కువసేపు నిలవలేవు.

ఒక పెట్టెలో సగం తడి కాగితం, సగం పొడి కాగితం పరచి వాటిని వదిలినప్పుడు, పొడి వైపున ఉన్నవి ఆగకుండా తిరుగుతూ, తడి వైపు చేరినవి నెమ్మదించి క్రమంగా నిలిచిపోవడం పిల్లలు నమోదు చేశారు. నీరు ఎక్కడుందో ముందే తెలుసుకొని అవి దారి పట్టాయనుకోనక్కరలేదు. పొడిచోట నడుస్తూ, తేమచోట ఆగిపోయే ఆ ఒక్క అలవాటుతోనే చివరికి ఎక్కువ భాగం తడి చోటుకే చేరతాయి. డి. ఎల్. గన్ అనే శాస్త్రవేత్త 1937లో ప్రచురించిన ప్రయోగాలలో ఇదే వివరించారు. అవి గుంపుగా ఒకదానికొకటి ఆనుకుని ఉండడం కూడా నీటి నష్టాన్ని తగ్గించే ఉపాయమే. నాకు అన్నిటికన్నా వింతగా తోచింది వాటి దాహం తీరే తీరు: నోటితో తాగడమే కాక, వెనుక చివరన ఉన్న రెండు చిన్న కాడల వంటి అవయవాలను దగ్గరగా చేర్చి తడికి ఆనిస్తే, వాటి మధ్య సందులోంచి నీరు దానంతట అదే పైకి ఎగబాకుతుంది.

కీటకాల పద్ధతి వేరు. వాటి ఒంటి మీది పలుచని మైనపు పొర నీటిని లోపలే ఆపుతుంది. శ్వాసరంధ్రాలను అవసరం లేనప్పుడు మూసుకోగలవు. వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా, దాదాపు పొడిగా విసర్జిస్తాయి. గాలిలో తేమ ఎక్కువైతే స్పందించే కణాలూ, తక్కువైతే స్పందించే కణాలూ వాటి తల మీది మీసాల వంటి స్పర్శశృంగాలలో వేర్వేరుగా ఉంటాయి. ఇంత రక్షణ ఉన్నా, గరుకైన సన్నని ధూళి ఆ మైనాన్ని గీరేస్తే కీటకం ఎండి చచ్చిపోతుంది. కొన్ని పురుగుల మందు పొడులు పనిచేసేది విషంతో కాదు, ఈ గీతలతోనే. పిడుదులైతే నీటి చుక్క దొరకకపోయినా, తేమను పీల్చే ఉప్పటి లాలాజలాన్ని నోటి భాగాల మీదికి వదిలి, గాలిలోని ఆవిరి అందులో చేరాక మళ్లీ మింగుతాయి.

నీటిని వెతకడం కుదరనప్పుడు ఓపిక పట్టేవీ ఉన్నాయి. వానపాము నేల లోతుకు దిగి జిగురు పూసిన చిన్న గదిలో చుట్టచుట్టుకుంటుంది. నత్త గుల్లలోకి ముడుచుకుని ద్వారానికి ఆరిన జిగురుతో పొర కడుతుంది. ఈజిప్టు నుంచి వచ్చిన ఒక ఎడారి నత్తను చనిపోయిందనుకుని 1846లో బ్రిటిష్ మ్యూజియంలో అట్టకు అతికించారు. 1850లో ఆ అట్ట మీద మరక కనిపించి గోరువెచ్చని నీటిలో వేస్తే, అది బయటికి వచ్చి పాకింది. ఈ సంగతి చెప్పిన రోజున తరగతిలో ఎవరూ గంట మోగినా లేవలేదు.

ఇక మీ రాళ్ల సంగతి. రాయి కింది నేల నుంచి లేచే తేమ గాలికి కొట్టుకుపోకుండా అక్కడే నిలుస్తుంది కనుకనే ఈ ప్రాణులు అక్కడ చేరతాయి. రాయిని తిప్పి అలాగే వదిలేస్తే ఆ చోటు త్వరగా పొడిబారుతుంది. అందుచేత రాయిని మెల్లగా ఎత్తి, చూసి, ఎలా ఉన్నదో అలాగే తిరిగి పెట్టమని పిల్లలకు చెప్పాము. ఇంట్లో మీరూ గుర్తుచేయగలరు. తేళ్లు ఉండవచ్చు కనుక రాయిని చేతితో కాక కర్రతో, పెద్దలు పక్కన ఉన్నప్పుడే ఎత్తాలి. అగ్గిపెట్టెల్లోని ప్రాణులను శుక్రవారం సాయంత్రంలోగా దొరికిన చోటే వదిలేయాలి. అంతవరకూ దూది తడి ఆరకుండా చూడండి.

భవదీయ,
ప్రధానోపాధ్యాయురాలు