పరమాణు గడియారంలో రేడియోధార్మికత లేదండీ

సంపాదకులు గారికి,

పరమాణు గడియారం రేడియోధార్మికతతో నడుస్తుందని మొన్న మీ పేపర్లో రాశారు, అది చదివి మా గంటస్తంభం దగ్గర టీ కొట్టులో పెద్ద చర్చే నడిచింది. తప్పండీ. వాటిలో ఒక రకంలో స్ట్రాన్షియం అనే లోహపు పరమాణువుల్ని లేజర్లతో బాగా చల్లబరిచి, గుంటపొంగనాల పెనంలో పిండి నిలిచినట్టు కాంతి గుంటల్లో నిలబెడతారు, వాటికి సరిగ్గా కుదిరిన ఎర్ర లేజర్ కాంతి సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెడతారు. దాదాపు 429 లక్షల కోట్లసార్లు! 2010లో అమెరికాలో ఇలాంటిదే అల్యూమినియం అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువు) గడియారాన్ని 33 సెంటీమీటర్లు పైకి లేపితే (టీ కొట్టు స్టూలంత కూడా కాదు) ఎత్తుకి వెళ్ళేకొద్దీ గురుత్వ ప్రభావం తగ్గి కాలం వేగంగా నడుస్తుందని ఐన్‌స్టీన్ చెప్పినట్టే కాస్త వేగంగా నడిచింది. అంటే అది టైము చెప్పడమే కాదు, ఎత్తులో, గురుత్వంలో తేడాని కూడా పసిగడుతుంది. సవరణ వేయండి, తొమ్మిదో తరగతి చదివే మావాడు మీ ముక్కనే నోట్సులోకి ఎక్కించేశాడు.

ఒక పాఠకుడు,
విజయనగరం