శుక్రవారం నేను రిజిస్ట్రేషన్‌కు రాను

జమ్మికుంట

బిడ్డా,

మొన్న నీ ఫోన్ వచ్చినకాన్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. "శుక్రవారం హన్మకొండకు రా అమ్మా, ఆధార్, పాన్ కార్డు తెచ్చుకో, ఇల్లు నీ పేర గిఫ్ట్ డీడ్ చేస్త, విడాకుల కోర్టుల నా భార్యకు దొరకకుంట ఉంటది" అన్నవ్. అప్పుడు ఊఁ అన్న గని, ఫోన్ పెట్టినంక మనసు ఒప్పలే. నోటితోని చెప్తే నీకు కోపమొస్తది, నాకు ఏడుపొస్తది. అందుకే రాస్తున్న. నేను రాను.

ఇల్లు నీదే, నేను కాదన. 2014ల వడ్డేపల్లిల ఆ జాగ కొన్ననాడు నీ పెండ్లి మాటే లేదు. మీ బాపు పత్తి అమ్మిన పైసలు, నీ బ్యాంకు లోను, కింద రెండు అర్రలు. ఇక్కడి వకీలు సారును అడిగిన. పెండ్లికి ముందు కొన్న ఇల్లు ఎవరి పేర ఉంటే వాళ్లదే, విడాకులప్పుడు సగం సగం పంచాలన్న చట్టం మనకు లేదన్నడు. హిందూ వివాహ చట్టంల 27వ సెక్షన్ ఉన్నది గని, అది పెండ్లప్పుడు ఇద్దరికి కలిపి పెట్టిన వాటి సంగతేనట. పాణం నిమ్మళమైంది. అప్పుడే ఆయన ఇంకో మాట అడిగిండు: "పై అంతస్తు ఎవరి పైసలతోని లేచిందమ్మా?" నా నోట మాట రాలే.

నువ్వు మర్చిపోయినవేమో, నేను మర్చిపోలే. 2019ల పై స్లాబు పొయ్యాలె, ఇనుముకు, సిమెంటుకు పైసలు అందలే. వరంగల్ చౌరస్తల బంగారం దుకాణంల నేను కోడలి పక్కన్నే కూసున్న. గాజులు ఊడి రాలే. దుకాణపాయన సబ్బు నీళ్లు తెప్పిస్తే, బొటనవేలు లోపటికి ముడుచుకొని గుంజింది. మణికట్టు కాడ తోలు ఎర్రగ కందింది. హారం రాళ్లు పీకి, తరుగు తీసి తొమ్మిది తులాలని తేల్చిండు. ఆ రాళ్లు చేతిరుమాలల మూట కట్టుకొని, మెట్లు దిగుతాంటే "మళ్ల చేయించుకుంట తీయి అత్తమ్మా" అన్నది. వాళ్లమ్మ బీడీలు చుట్టి కూడబెట్టిన బంగారం బిడ్డా అది. స్లాబు పోసిన్నాడు కూలోళ్లకు చాయ్ మోసింది కూడ ఆమెనే.

దాన్ని స్త్రీధనం అంటరు. అది ఆమె ఒక్కదానిదే, మొగుని చేతుల ఉన్నా నమ్మి దాచిపెట్టమని ఇచ్చినట్టే లెక్క అని సుప్రీంకోర్టు 1985లనే చెప్పింది. 2024 ఏప్రిల్‌ల మళ్ల చెప్పింది, కష్టానికి వాడుకున్నా తిరిగి ఇయ్యాల్సిందేనని. నాటి ధర లెక్కగట్టి పైసలు చేతుల పెడతనంటే నేను ఒప్పుకోను. తులానికి తులం ఇయ్యాలె. ఇప్పుడు ధర నాటికంటె ఎంతో పెరిగింది, ఆ పిల్ల మళ్ల ఎట్ల చేయించుకుంటది?

లోను కిస్తు సంగతి కూడ ఉన్నది. పెండ్లయినంక మీ ఇద్దరి జీతాలు ఒక్క ఖాతలనే పడ్డయి, కిస్తు అందులకెల్లే పోయింది. ఆమె బ్యాంకు కాయితాలు ముందు పెడితే నువ్వేం జవాబిస్తవ్?

నా పేర రాస్తే దాగుతదనుకున్నవ్. భరణం కేసులల్ల ఇద్దరు ఆస్తుల అఫిడవిట్ ఇయ్యాలని సుప్రీంకోర్టు 2020ల పెట్టింది. కోర్టుకెక్కే ముంగట తల్లికి ఉత్తగ రాసిచ్చినవంటే జడ్జికి అర్థం కాదా? ఇంకోటి, గిఫ్ట్ డీడ్ రిజిస్ట్రీ అయితే నీకు బుద్ధి పుట్టినప్పుడు వాపసు తీసుకునేది కాదు. నేను వీలునామా రాయకుంట పోతే అందుల మీ అక్కకు సగం. అక్కకు పోతదని నాకు బాధ లేదు. నా చెయ్యి ఈ పనికి రాదు, అంతే.

మీరెందుకు విడిపోతున్నరో మళ్ల అడగ. అడిగి అడిగి అలిసిన. ఇద్దరికీ ఇష్టమే అంటున్నరు గద, హిందూ వివాహ చట్టంల 13బి సెక్షన్ కింద విడాకులకు కలిసే వెయ్యుండ్రి. ఇల్లు నీకు, తొమ్మిది తులాలు, కిస్తుల ఆమె పాలు ఆమెకు అని అందులనే రాపియ్యి. భరణం కావాల్నో వద్దో ఆమెనే చెప్పనీ. ఆమె దిక్కు వకీలు అడగకముందే నువ్వే చెప్పు. అడిగించుకోని ఇస్తే వేరే తీరు ఉంటది.

పైసలెక్కడివి అంటవ్. మీ బాపు పోయినంక తీసిపెట్టిన నా పుస్తెలతాడు, గొలుసు కలిపి నాలుగు తులాలు బీరువల ఉన్నయి. నేనిక ఏసుకునేది లేదు. ముందు అవి ఇద్దాం. తక్కువపడ్డ ఐదు తులాలకు ఇంటిమీద లోను తీసుకో.

ఆదివారం పొద్దుగాల బండికి కాజీపేటల దిగుత, స్టేషన్‌కు రా. ఆ దుకాణపాయన రాసిచ్చిన చిట్టీ నా కాడనే ఉన్నది. తూకం, తరుగు, అన్ని అందుల ఉన్నయి, తెస్త.

నీ అమ్మ