బిల్లులు ఎందుకు ఆగాయంటే...

రెండు వారాలుగా చేతిరాత బిల్లులు ఇస్తున్నాం. పాత బాకీ ఎంతో అడిగితే "రేపు చెప్తాం" అంటున్నాం. అందరికీ విసుగొచ్చింది, తెలుసు. జరిగింది దాచకుండా చెప్తాను.

ఆఫీసులో పాత కంప్యూటర్ ఒక ఉదయం ఆన్ కాలేదు. ఆ టెన్షన్‌లో సన్నగా, తేలిగ్గా ఉన్న కొత్త ల్యాప్‌టాప్ కొనేశాను. బ్యాటరీ రోజంతా వస్తుందన్నారు, నిజంగానే వస్తోంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్కలేదు. ప్రోగ్రెస్ పట్టీ చివరిదాకా వచ్చి, ఊపిరి బిగబట్టినట్టు ఆగి, మళ్లీ వెనక్కి నడిచేది. ఆపైన ఎర్రర్ 1603.

అడ్మినిస్ట్రేటర్‌గా నడిపాను, యాంటీవైరస్ ఆపాను, ఫైల్ మళ్లీ దించాను. రెండు రోజులు పోయాయి. 1603 అంటే ఇన్‌స్టలేషన్ విఫలమైందని మాత్రమే అర్థమట! ఎందుకో చెప్పదు. సాఫ్ట్‌వేర్ వాళ్ల సపోర్ట్‌లోని అబ్బాయి ఇన్‌స్టాలర్ చేత లాగ్ ఫైల్ (ఏ అడుగులో ఏం జరిగిందో రాసే ఫైల్) రాయించి, అందులో 'రిటర్న్ వాల్యూ 3' అని, అంటే అడుగు విఫలమైన చోట ఉండే గుర్తును, వెతకమన్నాడు. దానికి కాస్త పైనే ఉంది అసలు సంగతి: డాంగిల్ (పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరం) డ్రైవర్, అంటే దాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే ప్రోగ్రామ్, ఎక్కడం లేదు.

మా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఒక యూఎస్‌బీ డాంగిల్‌లో ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లోదేమో ఏఆర్‌ఎం ప్రాసెసర్, మామూలు విండోస్ కంప్యూటర్లలో ఎక్కువగా ఉండే రకం కాదు. మామూలు విండోస్ ప్రోగ్రాములను అది ఎమ్యులేషన్‌తో, అంటే ఆ మామూలు ప్రాసెసర్‌లా నటిస్తూ, చాలావరకు నడిపిస్తుంది కానీ, డ్రైవర్లకు ఆ సౌకర్యం లేదు. ఏఆర్‌ఎం కోసమే రాసిన డ్రైవర్ కావాలి. మా పాత డాంగిల్‌కు అది లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిస్తే 'సిస్టమ్ టైప్' దగ్గర ఏ ప్రాసెసరో రాసే ఉంటుంది. కొనేముందు నేను చూడాల్సింది ఆ ఒక్క లైన్. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, ల్యాప్‌టాప్‌దీ కాదు.

ఇప్పుడు మామూలు రకం, అంటే ఎక్స్64 ప్రాసెసర్ ఉన్న ఇంకో కంప్యూటర్ పెట్టాం. మొదటిసారికే ఎక్కింది. (సన్న ల్యాప్‌టాప్‌లో ఈమెయిళ్లు చూసుకుంటున్నాను. ముచ్చటగానే ఉంది.)

చెప్పడానికి మొహమాటంగా ఉన్న విషయం ఇంకోటి ఉంది. బ్యాకప్ రోజూ తీయాలి. నేను తీయలేదు. పాత కంప్యూటర్ ఆగిపోవడానికి ముందు తొమ్మిది రోజుల ఎంట్రీలు బ్యాకప్‌లో లేవు. అంతకు ముందు లెక్కలన్నీ భద్రంగా ఉన్నాయి. ఆ తొమ్మిది రోజులవి ఆర్డర్ పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి మళ్లీ ఎక్కిస్తున్నాం. నగదు ఇచ్చినవాళ్ల లెక్కే కష్టంగా ఉంది.

ఆ రోజుల్లో మీరు తీసుకున్న బిల్లు ఉంటే ఫోటో తీసి, మీరు ఎప్పుడూ ఆర్డర్ పెట్టే వాట్సాప్ నంబర్‌కే పంపండి. బిల్లు పోయినా ఫర్వాలేదు, ఎంత ఇచ్చారో చెప్పండి, మీ మాట మీదే రాసుకుంటాం. చేతిరాత బిల్లులు మాత్రం పారేయకండి, నంబర్ వేసిన కొత్త బిల్లు మీ చేతికి వచ్చేదాకా అవే లెక్క.