వనభోజనానికి బస్సెందుకు?

సంపాదకులకు,

దీపావళి మర్నాటి నుంచి కార్తీకమాసం. ఆదివారం వస్తే చాలు, ఊరూరా బస్సులు మాట్లాడుకుని వనభోజనాలకని బయలుదేరుతారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వంద కిలోమీటర్లు పోయి, అక్కడ నీడ కోసం ఇంకో నాలుగు బృందాలతో పోటీపడి, కేటరింగు వాళ్ళు పెట్టింది నిలబడి తిని, రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరడాన్ని వనభోజనం అనడానికి మనసొప్పడం లేదు. గుడి వెనక ఉసిరిచెట్టు, ఊరి చివర మామిడితోపు, బడి ఆవరణలో వేపచెట్లు, కాలనీ పార్కు. వీటిలో ఏదో ఒకటి అయిదు కిలోమీటర్ల లోపు లేని ఊరు అరుదు. ఒక్క పూటలో, వీధి వీధంతా కలిసి అక్కడే ఎలా జరుపుకోవచ్చో వివరంగా రాస్తున్నాను. కులానికో బస్సు, కులానికో తోట అన్నట్టుగా మారిన ఈ పండుగను మళ్ళీ ఇరుగుపొరుగుల చేతికి తేవాలన్నదే నా కోరిక.

దూరం ఎందుకు వద్దంటే, మొదటి కారణం ఆడవాళ్ళకూ పెద్దవాళ్ళకూ బాగా తెలుసు. మరుగుదొడ్డి లేదని పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా కూర్చునే ఆడవాళ్ళు ప్రతి బస్సులోనూ ఉంటారు. ఇల్లు పది నిమిషాల దూరంలో ఉంటే ఆ బాధే లేదు. పసిపిల్లల తల్లులు, మోకాళ్ళ నొప్పుల తాతయ్యలు మధ్యలో వెళ్ళి మళ్ళీ రావచ్చు. రెండోది, పొద్దు. నవంబరు మధ్యలో విశాఖలో సుమారు 5:20కీ, హైదరాబాదులో 5:40కీ సూర్యుడు అస్తమిస్తాడు. దూరం పోయినవాళ్ళ తిరుగు ప్రయాణమంతా చీకట్లోనే. మూడోది, నీళ్ళు. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం నాడు ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి విహారానికి వచ్చినవాళ్ళే. తెలియని నది, తెలియని లోతు, తెలియని పడవ. తోపులో తిన్న అన్నం కడుపు నింపదా?

ఇక చోటు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద తినాలని పెద్దల మాట. అయితే ఉసిరి ఆకు సన్నం, నీడ పలచన. పది గంటలకు పడ్డ నీడ పన్నెండుకు అక్కడ ఉండదు. నలభై మందిని ఒక్క ఉసిరి కిందే కూర్చోబెట్టాలని చూస్తే సగం మంది ఎండలోనే తింటారు. పూజా దీపమూ ఉసిరి దగ్గర పెట్టుకుని, పంక్తి మాత్రం పక్కనున్న మామిడి, వేప, కానుగ లాంటి చిక్కటి నీడలో వేసుకోవాలి. ఒకరోజు ముందు సరిగ్గా భోజనం వేళకు పోయి నీడ ఎక్కడ పడుతోందో చూసి రావడం ఉత్తమం. పొద్దున్నే చూసి ఎంచుకుంటే మోసపోతాం.

ఆ చూడ్డానికి వెళ్ళినప్పుడే తల పైకెత్తి ప్రతి కొమ్మా పరికించండి. తేనెపట్టు ఉందా? వనభోజనాల్లో జరిగే ప్రమాదాల్లో ముందుగా చెప్పుకోవలసింది ఇదే. కింద పొయ్యి వెలిగిస్తారు, పొగ పైకి పోతుంది, పెద్ద పట్టు తేనెటీగలు మూకుమ్మడిగా లేస్తాయి. పట్టు కనిపిస్తే ఆ చోటు వదిలేయాలి, రాళ్ళు వేసి దులపడం కాదు. పొరపాటున లేస్తే చేతులు ఊపకుండా ముఖానికి కండువా కప్పుకుని దూరంగా పరుగెత్తి, గదిలోనో కారులోనో తలుపులు మూసుకోవాలి. నీళ్ళలో దూకితే తల ఎత్తేదాకా పైనే తిరుగుతుంటాయి. ముల్లు దిగితే ఎలా తీశామన్నదానికంటే ఎంత త్వరగా తీశామన్నది ముఖ్యం, గోటితో గీకేసినా చాలు. ఊపిరి ఆడకపోయినా, పెదవులు వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

కింద కూడా చూడాలి. వానలకు ఏపుగా పెరిగిన వయ్యారిభామ (పార్థీనియం) కలుపు ఉంటే ఉబ్బసం ఉన్నవాళ్ళకు కష్టం. కంచెల మీద దురదగొండి కాయలు ముదిరే కాలమూ ఇదే. పిల్లలు తెలియక ముట్టుకుంటే వాటి నూగు అంటుకుని గంటలకొద్దీ దురద. మునగచెట్టు కింద గొంగళిపురుగులు, మామిడి మీద ఎర్రచీమల గూళ్ళు తప్పవు. గడ్డిని కర్రతో కొట్టి, చప్పుడు చేసి, పాములుంటే పోనిచ్చి అప్పుడు ఊడవాలి. నేల మంచుకు ఎనిమిదిన్నర దాకా తడిగానే ఉంటుంది. టార్పాలిను పరిచి దాని మీద జంపఖానాలు వేయకపోతే చీరలు, పంచెలు తడుస్తాయి. డెల్టాలో ఇది వరి కోతల కాలం. రైతు చేలో నుంచి అడ్డదారి పోకండి. వడ్లు ఆరబోసిన రోడ్డు మీద బండ్లు పెట్టకండి. కోస్తాలో తుపాన్ల నెల కూడా ఇదే కాబట్టి బడి వరండానో గుడి మంటపమో ముందుగా అడిగి ఉంచుకుంటే వాన వచ్చినా వంట వృథా కాదు.

వంట సంగతి. అక్కడే పొయ్యి పెట్టాలనుకుంటే చెట్టు మొదలుకు కనీసం ఆరేడు అడుగులు కాదు, పదిహేను అడుగుల దూరం ఉండాలి. వేడికి పైపైన పాకిన వేర్లు మాడతాయి, చెట్టు ఆ ఏడు కాకపోయినా మరుసటి ఏడు వాడుతుంది. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. కొత్తగా చేసేవాళ్ళకు నా సలహా, ఇళ్ళలో వండి తీసుకుపోవడమే. కానీ "తలా ఒకటి తెద్దాం" అని వదిలేస్తే ఆరిళ్ళ నుంచి పులిహోర వస్తుంది, కూర ఒక్కరూ తేరు, గరిటెలు అసలే ఉండవు. ఏ ఇంటికి ఏది, ఎంత అన్నది కాగితం మీద రాయాలి.

పెద్దాచిన్నా కలిపి నలభై మందికి లెక్క ఇది. బియ్యం మొత్తం అయిదున్నర కిలోలు: పులిహోరకు రెండు, తెల్లన్నానికి రెండున్నర, దద్ధోజనానికి ఒకటి. కందిపప్పు ఒక కిలో. కంద-బచ్చలికి రెండున్నర కిలోల కంద, ఆరు కట్టల బచ్చలి. పచ్చడికి ఉసిరికాయలు అర కిలో. తాగడానికి ఇరవై లీటర్ల డబ్బాలు నాలుగు, చేతులకూ గిన్నెలకూ ఇంకో మూడు. నీళ్ళ దగ్గర పొదుపు పనికిరాదు.

పులిహోరకు పాత బియ్యమే వాడాలి, కొత్తవి ముద్దవుతాయి. గ్లాసు బియ్యానికి రెండు కాదు, ఒకటి ముప్పావు గ్లాసుల నీళ్ళు చాలు. రెండు కిలోలకు చింతపండు పావు కిలో, నూనె మూడు వందల గ్రాములు, వేరుశనగ గుళ్ళు పావు కిలో. వండిన అన్నాన్ని వేడిగా ఉండగానే వెడల్పాటి బేసిన్‌లో పరిచి, పసుపు, కాస్త పచ్చినూనె, కరివేపాకు కలిపితే మెతుకు మెతుకూ విడుతుంది. చింతపండు గుజ్జు మిగతా నూనెలో పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న బెల్లం ముక్కతో నూనె తేలేదాకా ఉడకాలి. తొందరపడి పలచగా దించేస్తే పచ్చివాసన వేయడమే కాదు, నీటిశాతం మిగిలి మధ్యాహ్నానికి చెడుతుంది. కలిపినప్పుడు ఉప్పూ పులుపూ నాలుకకు ఒక పిసరు ఎక్కువగా తగలాలి. అన్నం పీల్చుకునేసరికి సరిపోతాయి. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో మాత్రం కలపవద్దు, పులుపుకు కిలుం పడుతుంది. అన్నిటికంటే పెద్ద తప్పు, వేడి వేడిగా డబ్బాలో కుక్కి మూత బిగించడం. ఆవిరి మూతకు పట్టి, నీరై, మళ్ళీ అన్నం మీదే పడుతుంది. ఆరిన తర్వాతే సర్ది, పైన పలచటి గుడ్డ కప్పాలి.

దద్ధోజనం పులిసిందన్న ఫిర్యాదు ప్రతి ఏడూ వినేదే. కారణం పెరుగుతో కలపడం. కిలో బియ్యాన్ని మూడింతల నీళ్ళతో మెత్తగా వండి, మెదిపి, కాచి గోరువెచ్చగా చేసిన పాలు రెండు లీటర్లు పోసి, పెరుగు నూట యాభై గ్రాములు మాత్రం తోడుకు వేయండి. ఏడింటికి కలిపితే పన్నెండింటికి కమ్మగా తోడుకుని ఉంటుంది. అల్లం, పచ్చిమిర్చి, పోపు ముందే వేయవచ్చు. దోసకాయ ముక్కలు వేయకండి, నీరు వదులుతాయి.

కంద-బచ్చలి తిని గొంతు దురద పుట్టిందంటే తప్పు కందది కాదు, వండినవాళ్ళది. కందలో సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలు ఉంటాయి. చింతపండు రసం సరిపడా పోసి మెత్తగా ఉడికిస్తే ఆ దురద పోతుంది. తరిగేముందు చేతులకు నూనె రాసుకోవాలి. ఆవ నూరి దించాక కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. కొబ్బరి పచ్చడి మాత్రం వద్దేవద్దు, బయట అన్నిటికంటే ముందు పాడయ్యేది అదే. పప్పు, కూర వండిన నాలుగు గంటల లోపు తినేయాలి. అందుకే పన్నెండింటికి విస్తళ్ళు పడాలి, ఒంటిగంటన్నరకు కాదు.

విస్తరి గురించి ఒక మాట. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. అయినా లోపల మెరిసే పొర అంటించిన కాగితం పళ్ళేలతో తోపులు నిండిపోతున్నాయి. మోదుగాకు విస్తళ్ళు, మన్యం నుంచి వచ్చే అడ్డాకులు, అరిటాకులు ఉండగా అవెందుకు? నలభై మందికి యాభై తీసుకోవాలి, కొన్ని చిరుగుతాయి. ఎండిన విస్తరి పెళుసుగా ఉంటుంది. కుట్టిన విస్తళ్ళ కట్ట మీద ముందురోజు రాత్రి నీళ్ళు చిలకరించి తడిగుడ్డ చుట్టి ఉంచితే మెత్తబడి, మడత దగ్గర పగలవు. అరిటాకు కొస తినేవారి ఎడమచేతి వైపు ఉండాలి. గ్లాసులు ఇళ్ళ నుంచి స్టీలువి తెచ్చుకుంటే సరి.

దీపాలు చెట్టు మొదట్లో ఆనించి పెట్టడం మానుకుందాం. వేడికి బెరడు కాలిన చోట పుండు పడుతుంది, పురుగు దూరుతుంది. ఇసుక పోసిన పళ్ళెంలో మూడడుగుల ఎడంగా వెలిగించినా దీపం దీపమే. ద్వాదశి నాడు తులసి కోటలో పెట్టడానికని ఉసిరి కొమ్మలు విరిచేస్తారు. కాయలున్న చిన్న రెమ్మ ఒకటి కత్తిరిస్తే చాలదా?

పిల్లలకు ఫోన్లు తీసి పక్కన పెట్టించాలంటే వాళ్ళకు పని కావాలి. ఏడుపెంకులాటకు పగిలిన పెంకులు, గుడ్డబంతి ముందే పట్టుకెళ్ళండి. ఆకులు ఏరుకొచ్చి ఏ చెట్టువో చెప్పమంటే పెద్దవాళ్ళూ తడబడతారు, మంచి ఆట. తెలంగాణ గుట్టల దగ్గర, పాలమూరు వైపు ముఖ్యంగా, సీతాఫలాలు ఇంకా చివరి కాపు మీద ఉంటాయి. కాయ మీది కళ్ళు విచ్చుకుని, వాటి మధ్య సందులు తెల్లబారితే కోయవచ్చు. బియ్యంలోనో గడ్డిలోనో పెడితే రెండు మూడు రోజుల్లో పండుతుంది. కళ్ళు విప్పని కాయ కోస్తే పండదు, నల్లబడి గట్టిపడుతుంది. గింజలు పిల్లలు నమలకుండా, వాటి పొడి కంట్లో పడకుండా చూడాలి.

మూడున్నరకు సర్దడం మొదలుపెట్టి, వెలుతురు ఉండగానే ఇల్లు చేరాలి. గోనెసంచులు రెండు వేరువేరుగా ఉంచి, ఒకదానిలో విస్తళ్ళూ మిగిలిన అన్నమూ, రెండోదానిలో మిగతా చెత్తా వేయాలి. విస్తళ్ళు గుంట తీసి పూడిస్తే ఎరువవుతాయి. పొయ్యి బూడిద మీద నీళ్ళు పోసి, చేత్తో తాకి చల్లబడిందని చూసుకున్నాకే కదలాలి.

పురపాలక సంఘాలకూ పంచాయతీలకూ ఒక విన్నపం. కార్తీకంలో ఉండేవి నాలుగైదు ఆదివారాలు. ఆ రోజుల్లో పార్కులు, బడుల ఆవరణలు ఉదయం ఏడు నుంచి సాయంత్రం అయిదు వరకు తెరిచి ఉంచండి. ఒక కుళాయి, తాళం తీసిన మరుగుదొడ్డి, రెండు చెత్తకుండీలు. అంతకు మించి ఏమీ అక్కరలేదు.

ఉసిరిచెట్టు లేని పార్కయితే ఈ ఏడే మొదలుపెట్టవచ్చు. పచ్చడికి తీసిన గింజలను ఎండలో ఆరబెడితే పెంకు దానంతట అదే పగిలి ఆరు చిన్న విత్తనాలు బయటపడతాయి. ఒక రాత్రి నానబెట్టి సంచుల్లో నాటుకోవాలి. విత్తు మొక్క కాపుకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది, నర్సరీలో అంటు మొక్క కొంటే మూడు నాలుగేళ్ళు చాలు. ఒంటి చెట్టుకు కాపు సరిగా నిలవదు కనుక వేరువేరు రకాలవి రెండు, ఇరవై అడుగుల ఎడంలో నాటండి.

– ఒక పాఠకురాలు, తెనాలి